డిస్కు కనబడలేదంటే డిస్కు లేదని కాదు

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో విద్యార్థులు, చిన్న దుకాణదారుల కోసం ఒక ఆదివారం ఏర్పాటు చేసిన లినక్స్ శిబిరంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. గోడ పక్కన నిలబడ్డవారు ముందుకు వచ్చి కూర్చోండి, ఇక్కడ ఫ్యాను గాలి కూడా బాగా తగులుతుంది. లాప్‌టాప్‌లు తెచ్చుకున్నవారికి ఒక విన్నపం. నా మాటలు పూర్తయ్యేదాకా ఇన్‌స్టాల్ అనే గుర్తు మీద నొక్కకండి. కిటికీ పక్కన కూర్చున్న బాబూ, మీకే చెబుతున్నాను.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 పెట్టడానికి అర్హత లేని యంత్రాలు మన ఊళ్లో ఇంటింటా ఉన్నాయి. గాజువాక ట్యూషన్ సెంటర్లలో ఉన్నాయి, డాబాగార్డెన్స్ జిరాక్సు దుకాణాల్లో ఉన్నాయి. అవన్నీ పారేయవలసినవి కావు, విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవచ్చు. అందుకే ఈ గది ఈ రోజు ఇలా నిండింది.

లినక్స్ ఇన్‌స్టాల్ చేయడం ఒకప్పుడు ఉన్నంత కష్టం కాదు. భాష ఏది, కీబోర్డు ఏది, మీ పేరేమిటి అని అడిగే పేజీల్లో ఎవరూ ఆగిపోరు. అందరూ ఆగేది డిస్కును ఏం చేయమంటారు అని అడిగే పేజీ దగ్గర. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది దాని గురించే. ఆ పేజీలో కనిపించే సమస్య చాలావరకు అక్కడ పుట్టినది కాదు. యంత్రం లేవగానే ముందుగా నడిచే బయాస్‌లోనో, విండోస్‌లోనో, పెన్‌డ్రైవ్ బూట్ అయిన తీరులోనో అంతకు ముందే పుట్టి, ఇక్కడికి వచ్చి బయటపడుతుంది. దాన్ని ఇక్కడే సరిచేయాలని చూస్తే చివరికి మిగిలేది డిస్కు మొత్తం తుడిచేయమనే బటన్ ఒక్కటే. అది పనిచేస్తుంది కూడా. పెళ్లి ఫొటోలతో సహా అన్నీ పోతాయి.

డిస్కును విభజించిన భాగాలను పార్టిషన్లు అంటారు. వాటి పట్టిక అయిన పార్టిషన్ టేబుల్ డిస్కులోని సమాచారం కాదు. పొలానికి రెవెన్యూ రికార్డు ఎలాంటిదో డిస్కుకు అది అలాంటిది. ఏ సర్వే నంబరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అందులో ఉంటుంది, పంట అందులో ఉండదు. రికార్డు చిరిగితే పంట మాయం కాదు. తప్పుడు రికార్డు పట్టుకుని ఎవరైనా వచ్చి దున్నేస్తే మాత్రం పంట పోతుంది. ఇన్‌స్టాలర్ మొండికేసిందంటే సాధారణంగా అర్థం ఇదే: రికార్డు ఒకటి చెబుతోంది, నేల మరొకటి చెబుతోంది, నేను దున్నను అంటోంది. దాన్ని తిట్టకండి. అది మీ పక్షమే.

అందుకని ముందు చదవడం, తర్వాతే రాయడం. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే వాడి చూసే లైవ్ పద్ధతిలోకి వెళ్లండి. కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరిచి, తెర మీద నేను చూపిస్తున్నట్టు చిన్న అక్షరాలతో ఎల్ఎస్‌బీఎల్‌కే అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, మైనస్ ఎఫ్ అని చేర్చండి. ఇది ఏమీ మార్చదు. ఏ డిస్కులున్నాయి, ఏ డిస్కులో ఎన్ని భాగాలున్నాయి, ఏ భాగంలో ఏ ఫైల్ సిస్టమ్, అంటే ఫైళ్లను అమర్చే పద్ధతి, ఉంది అన్నది చెట్టులా గీసి చూపిస్తుంది. మైనస్ ఎఫ్ తీసేసి మళ్లీ కొడితే పరిమాణాలు కూడా వస్తాయి.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. ఒకటి, 512 జీబీ అని కొన్న ఎస్ఎస్‌డీ ఇక్కడ 476 అని కనిపిస్తుంది. దుకాణదారు మోసం చేయలేదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తాడు, ఈ కమాండు 1024 చొప్పున లెక్కిస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. పాత వీడియోలన్నీ ఎస్‌డీఏ అనే డిస్కును ఎంచుకోమంటాయి. ఇప్పటి లాప్‌టాప్‌లో లోపలి డిస్కు ఎన్‌వీఎంఈతో మొదలయ్యే పేరుతో ఉంటుంది. ఎస్‌డీఏ అన్నది మీరు గుచ్చిన పెన్‌డ్రైవే కావచ్చు. పేరు చూసి ఎంచుకోకండి, పరిమాణం చూసి ఎంచుకోండి.

ఇక సమస్యల్లోకి వస్తాను. అందరినీ ఎక్కువగా భయపెట్టేది లోపలి డిస్కు జాబితాలోనే లేకపోవడం. విండోస్ చక్కగా తెరుచుకుంటుంది, లినక్స్‌కు మాత్రం పెన్‌డ్రైవ్ తప్ప ఏమీ కనబడదు. డిస్కు చెడిపోయిందని చెప్పి కొత్తది అంటగట్టేవారు కూడా ఉన్నారు. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న యంత్రమైతే ముందు బయాస్ చూడాలి. డిస్కు కంట్రోలర్‌ను ఫ్యాక్టరీలోనే ర్యాపిడ్ స్టోరేజ్ అనే ఇంటెల్ పద్ధతిలో పెట్టి పంపుతుంటారు. బయాస్‌లో అది రెయిడ్ అనో, ఆప్టేన్ అనో, 11వ తరం నుంచి వీఎండీ అనో కనిపిస్తుంది. రెయిడ్ అంటే పలు డిస్కులను కలిపి వాడే పద్ధతి. ఒకే ఒక డిస్కు ఉన్న లాప్‌టాప్‌కు అది దేనికని నన్ను అడగకండి. (నవ్వులు) లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ కొత్త వెర్షన్లలో వీఎండీకి డ్రైవరు ఉంది కాబట్టి కొన్ని యంత్రాల్లో ఏ ఇబ్బందీ రాదు. ఎప్పుడో దించుకున్న పాత ఐఎస్ఓ, అంటే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే లినక్స్ ఫైలు, వాడితే వస్తుంది. కనుక మొదటి మందు కొత్త ఐఎస్ఓ.

దానితోనూ కనబడకపోతే బయాస్‌లో ఆ పద్ధతిని ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మార్చాలి, లేదా వీఎండీని ఆపాలి. కానీ నేరుగా వెళ్లి మార్చేస్తే ఈసారి విండోస్ తెరుచుకోదు, బూట్ డిస్కు అందడం లేదని నీలి తెర చూపిస్తుంది. కాబట్టి వరుస తప్పకూడదు. ముందు విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ పేజీలో సేఫ్ బూట్ దగ్గర టిక్ పెట్టండి. రీస్టార్ట్ చేసి నేరుగా బయాస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐకి మార్చండి. ఆ తర్వాత విండోస్ సేఫ్ మోడ్‌లో తెరుచుకుంటూ తనకు కావలసిన డ్రైవరును తానే ఎక్కించుకుంటుంది. అప్పుడు టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేయండి. అంతే. సేఫ్ మోడ్‌లో కొన్ని యంత్రాలు నాలుగంకెల పిన్ ఒప్పుకోవు, అసలు పాస్‌వర్డే అడుగుతాయి. అది గుర్తుందో లేదో ముందే చూసుకోండి. కొన్ని లాప్‌టాప్‌లలో వీఎండీ వరుస బయాస్‌లో దాగి ఉంటుంది, మెయిన్ పేజీలో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే బయటికి వస్తుంది. ఇంత చిన్న సంగతి మాన్యువల్‌లో రాస్తే ఎవరి సొమ్ము పోతుందో తెలియదు.

ఇదంతా చేసే ముందు ఇంకొకటి ఉంది. బిట్‌లాకర్, అంటే డిస్కుకు తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి, కొత్తగా విండోస్ వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా యంత్రాల్లో ఎన్‌క్రిప్షన్ దానంతట అదే మొదలవుతుంది. మీరు అడగలేదు, మీకు చెప్పదు కూడా. బయాస్‌లో ఏదైనా మార్చగానే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా కళాశాల ఇచ్చిన మెయిల్‌తో తెరిచినదై, చదువు అయిపోగానే ఆ మెయిల్ మూసేసి ఉంటే పరిస్థితి ఊహించుకోండి. కీ కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాకే బయాస్‌లో వేలు పెట్టండి. ఒకే డిస్కులో రెండు సిస్టమ్‌లూ ఉంచుకోవాలంటే బిట్‌లాకర్‌ను పూర్తిగా ఆపి, డిక్రిప్షన్ ముగిసేదాకా ఆగడం మేలు.

రెండో సమస్యలో డిస్కు కనిపిస్తుంది, ఇన్‌స్టాలేషన్ చివరిదాకా వెళ్తుంది, సరిగ్గా లినక్స్‌ను లేపే గ్రబ్ అనే ప్రోగ్రామును ఎక్కించే దగ్గర విఫలమవుతుంది. లేదా అంతా అయిపోయి, రీస్టార్ట్ చేస్తే విండోస్ మాత్రమే వస్తుంది. దీనికి మూలం పెన్‌డ్రైవ్ బూట్ అయిన తీరు. కొంచెం వెనక్కి వెళ్లి చెప్పాలి.

పార్టిషన్ టేబుల్ రాసే ఎంబీఆర్ పద్ధతి 1983లో డాస్ 2.0తో వచ్చింది. డిస్కు మొదటి సెక్టారులోని 512 బైట్లలో 446 బూట్ కోడుకు పోగా, పార్టిషన్ల వివరాలకు దక్కింది 64 బైట్లు. ఒక్కో పార్టిషన్ వివరానికి 16 బైట్లు. కాబట్టి నాలుగే పార్టిషన్లు. సెక్టారు సంఖ్యకు 32 బిట్లే ఇచ్చారు కాబట్టి రెండు టెరాబైట్లు దాటితే చిరునామా చాలదు. తర్వాత వచ్చిన జీపీటీ పద్ధతి ఈ ఇరుకును పోగొట్టింది. మామూలుగా 128 పార్టిషన్లకు చోటు ఇస్తుంది, టేబుల్‌కు నకలును డిస్కు చివర కూడా దాస్తుంది, రెండూ చెడలేదని తెలుసుకోవడానికి చెక్‌సమ్ పెట్టుకుంటుంది. బూట్ వైపు కూడా ఇలాగే రెండు తరాలు. పాత బయాస్ మొదటి సెక్టారులోని కోడును నడిపిస్తుంది. దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ అయితే ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అనే చిన్న ఫ్యాట్ 32 భాగంలోంచి ఫైలును తెచ్చుకుంటుంది. విండోస్ యూఈఎఫ్ఐలో ఉంటే దాని డిస్కు జీపీటీయే.

ఇప్పుడు మీ లాప్‌టాప్‌లో బూట్ మెనూ తెరవండి. ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించవచ్చు, ఒక పేరు ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది, రెండోదానికి ఉండదు. తొందరలో రెండోది నొక్కారంటే లినక్స్ పాత బయాస్ పద్ధతిలో లేస్తుంది. జీపీటీ డిస్కు మీద ఆ పద్ధతిలో గ్రబ్ పెట్టాలంటే ఒక ఎంబీ బయాస్ బూట్ పార్టిషన్ విడిగా కావాలి, అది అక్కడ ఉండదు. అందుకే ఆ వైఫల్యం. పెట్టగలిగినా విండోస్ ఒక పద్ధతిలో, లినక్స్ మరో పద్ధతిలో ఉండి ఒకరి మెనూలో ఒకరు కనిపించరు. మీరు ఏ పద్ధతిలో లేచారో తెలుసుకోవడం తేలిక. సిస్ డైరెక్టరీలో ఫర్మ్‌వేర్ కింద ఈఎఫ్ఐ అనే ఫోల్డరు ఉందా చూడండి. ఉంటే యూఈఎఫ్ఐ, లేకపోతే పాత పద్ధతి. విండోస్ వైపు ఎంఎస్‌ఇన్ఫో32లో బయాస్ మోడ్ అనే వరుసలో ఇదే సంగతి ఉంటుంది. రెండూ ఒకటైతేనే ముందుకు వెళ్లండి.

ఆ ఈఎఫ్ఐ భాగం విండోస్ చేసినదైతే సాధారణంగా 100 ఎంబీ ఉంటుంది. చేతితో పార్టిషన్లు పెట్టుకునేవారు దాన్ని చూసి, ఇంత చిన్నది ఎందుకని చెరిపేస్తారు, లేదా ఫార్మాట్ టిక్ పెడతారు. విండోస్ బూట్ ఫైళ్లు ఉన్నది అందులోనే. దాన్ని ఫార్మాట్ చేయకుండా బూట్ కింద ఈఎఫ్ఐ అనే చోట మౌంట్ చేయడం, అంటే తగిలించడం, వరకే మన పని. ఉబుంటు, మింట్ వంటి లినక్స్ రకాలకు 100 ఎంబీ సరిపోతుంది, ఎందుకంటే కెర్నెల్‌ను అవి వేరే చోట ఉంచుతాయి. పాప్ ఓఎస్ వంటివి కెర్నెల్‌ను కూడా అందులోనే పెడతాయి, వాటికి చాలదు. రెండు డిస్కులున్నవారికి ఇంకో హెచ్చరిక. ఉబుంటు పాత ఇన్‌స్టాలర్‌కు ఒక చెడ్డ అలవాటు ఉండేది. గ్రబ్‌ను రెండో డిస్కులో పెట్టమని మీరు ఎంచుకున్నా, యూఈఎఫ్ఐలో మొదటి డిస్కు ఈఎఫ్ఐ భాగంలోనే రాసేది. బయటి హార్డ్‌డిస్కులో లినక్స్ వేసి, ఆ డిస్కు తీసేసరికి విండోస్‌కు బదులు గ్రబ్ నల్ల తెర వచ్చిందంటే కారణం అదే.

పాత యంత్రాల సంగతికి వస్తే, విండోస్ 7 కాలం నాటి లాప్‌టాప్ తెచ్చినవారు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, మంచిది. మీది ఎంబీఆర్ అయివుంటుంది. సిస్టమ్ రిజర్వ్‌డ్ ఒకటి, సీ డ్రైవ్, డీ డ్రైవ్, కంపెనీ రికవరీ. నాలుగూ అయిపోయాయి. సీ డ్రైవ్ కుదించి 50 జీబీ ఖాళీ చేశారు, ఇన్‌స్టాలర్ మాత్రం దాన్ని వాడుకోవడానికి వీల్లేదంటుంది. చోటు ఉంది, దాన్ని నమోదు చేయడానికి టేబుల్‌లో గడి లేదు. డీ డ్రైవ్‌లోని ఫైళ్లు బయటికి తీసి, దాన్ని తొలగించి, ఆ చోటును ఎక్స్‌టెండెడ్‌గా చేస్తే దానిలో ఎన్ని లాజికల్ భాగాలైనా పెట్టుకోవచ్చు. లినక్స్ వాటిని 5 నుంచి లెక్కిస్తుంది.

కొందరు ఇక్కడ తెలివి ఉపయోగించి, విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే అయిదో భాగం చేయబోతారు. విండోస్ సొంత పద్ధతి అయిన డైనమిక్ డిస్కుగా మారుస్తానని అది ఒక హెచ్చరిక చూపిస్తుంది, మనవాళ్లు చదవకుండా సరే అంటారు. మారేటప్పుడు ఒక్క క్షణం. వెనక్కి రావాలంటే మైక్రోసాఫ్ట్ ఇచ్చిన దారి ఒక్కటే, డిస్కులోని వాల్యూములన్నీ తొలగించడం. లినక్స్ ఇన్‌స్టాలర్లు ఆ డిస్కులో పార్టిషన్లు చేయలేవు. ఫైళ్లన్నీ కాపీ తీసుకుని డిస్కును మొదటినుంచి పెట్టుకోవడమే నేను చెప్పేది. ఉచితంగా మార్చిపెడతామనే ప్రోగ్రాముల మీద నాకు నమ్మకం తక్కువ.

ఎంబీఆర్‌ను జీపీటీగా మార్చడానికి మాత్రం మైక్రోసాఫ్ట్ దగ్గరే మంచి పరికరం ఉంది, ఎంబీఆర్‌2జీపీటీ. విండోస్ 10లో 2017 నుంచి ఉంది. డిస్కులో మూడుకు మించి ప్రైమరీ, అంటే టేబుల్‌లో నేరుగా నమోదైన, భాగాలు ఉండకూడదు, ఎక్స్‌టెండెడ్ అసలే ఉండకూడదు. మార్చాక బయాస్‌లో యూఈఎఫ్ఐ పెట్టాలి, లేకపోతే ఏదీ లేవదు.

మన ఊళ్లో ఈ మధ్య ఎక్కువగా జరిగేది పాత 256 జీబీ డిస్కును 512 జీబీకి క్లోన్ చేయించడం. దుకాణంలో బైటుకు బైటు కాపీ చేసి ఇస్తారు. జీపీటీ నకలు డిస్కు చివర ఉంటుందని చెప్పాను కదా. ఇప్పుడది కొత్త డిస్కు నడిమధ్యలో పడి ఉంటుంది. లినక్స్‌లో పార్టెడ్ అనే పార్టిషన్ల పరికరం తెరిస్తే, చోటంతా వాడుకోవడం లేదు, సరిచేయమంటారా అని అడుగుతుంది. సరిచేయమని చెప్పవచ్చు, ప్రమాదం లేదు. దీనికి తలకిందుల సమస్య కూడా ఉంది. ఒకప్పుడు జీపీటీగానో, రెయిడ్‌లోనో వాడిన డిస్కును మామూలుగా ఫార్మాట్ చేసి అమ్మేస్తారు. ముందు భాగం కొత్తదైంది, చివర పాత గుర్తులు అలాగే మిగిలాయి. విండోస్ వాటిని పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది. అందుకే డిస్కు ఖాళీ అనో, రెయిడ్ సభ్యుడనో చెబుతుంది. వైప్‌ఎఫ్ఎస్ అనే కమాండుకు డిస్కు పేరు మాత్రమే ఇస్తే ఆ గుర్తుల జాబితా చూపిస్తుంది, చెరపదు. మైనస్ ఏ చేరిస్తే అన్నిటినీ చెరిపేస్తుంది. ఆ ఒక్క అక్షరం దగ్గర చేతులు వణకాలి. ఎంబీఆర్‌ను ఉంచి, మిగిలిపోయిన జీపీటీని మాత్రం తీసేయాలంటే ఫిక్స్‌పార్ట్స్ అనే ప్రోగ్రాము వాడండి.

విండోస్ షట్ డౌన్ చేశాం కదా, విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ భాగాన్ని కుదించనివ్వదేమిటని అడుగుతారు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ ఉంది. షట్ డౌన్ అంటే పూర్తిగా ఆగదు, సగం నిద్రపోతుంది, ఫైల్ సిస్టమ్ దాని చేతిలోనే ఉంటుంది. విచిత్రంగా, రీస్టార్ట్ చేస్తేనే పూర్తిగా ఆగుతుంది. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీకి మైనస్ హెచ్ ఆఫ్ అని ఇస్తే హైబర్నేషన్ ఫైలు కూడా పోతుంది. ఆ ఫైలు, పేజ్‌ఫైలు, రిస్టోర్ పాయింట్లు కదలని వస్తువులు కాబట్టే, సగం ఖాళీగా ఉన్న సీ డ్రైవ్‌ను కూడా విండోస్ కొద్దిగా మాత్రమే కుదించనిస్తుంది. వాటిని తాత్కాలికంగా ఆపి ప్రయత్నించండి. విండోస్ భాగాన్ని విండోస్‌తోనే కుదించండి, లినక్స్ భాగాలను లినక్స్‌తో చేయండి.

పార్టిషన్లను బొమ్మలా చూపే జీపార్టెడ్‌లో ఒక భాగం పక్కన తాళం గుర్తు ఉంటే అది వాడకంలో ఉందన్నమాట. లైవ్ సెషన్ పాత స్వాప్‌ను, అంటే మెమరీ చాలనప్పుడు వాడే భాగాన్ని, తానే వాడేసుకుంటూ ఉండవచ్చు. స్వాప్‌ఆఫ్ చెప్పండి, అన్‌మౌంట్ చేయండి, తాళం పోతుంది. భాగం కుడి అంచు జరిపితే త్వరగా అయిపోతుంది. ఎడమ అంచు జరిపితే లోపల ఉన్నదంతా ఒక్కొక్క బ్లాకూ కాపీ కావాలి, పాత హార్డ్‌డిస్కు మీద గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే ఆశ వదులుకోవడమే. 2014 హుద్‌హుద్ చూసిన ఊరు మనది. బ్యాటరీ చచ్చిన లాప్‌టాప్‌తో అక్టోబరు గాలివాన సాయంత్రం ఎడమ అంచు జరిపేవారికి నేనేమీ చెప్పలేను. (నవ్వులు)

అసలు డిస్కే పోయిన సందర్భాలూ ఉంటాయి. కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో చదవడం విఫలమైందంటూ వరుసగా తప్పులు వస్తుంటే పార్టిషన్ల పని ఆపి, స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్కు ఆరోగ్యం చూడండి. డెస్క్‌టాప్ అయితే ముందు సాటా కేబులు తీసి మళ్లీ పెట్టండి. సముద్రపు ఉప్పుగాలికి లోహపు కొనలు మాసిపోవడం బీచ్ రోడ్డు పక్క ఇళ్లవారికి నేను చెప్పనక్కరలేదు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక విద్యార్థి: సార్, పొరపాటున పార్టిషన్ డిలీట్ చేస్తే తిరిగి వస్తుందా?)

దాని మీద కొత్తగా ఏమీ రాయకపోతే చాలావరకు వస్తుంది. యంత్రాన్ని ఆ డిస్కుతో మళ్లీ బూట్ చేయకండి, లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేచి టెస్ట్‌డిస్క్ నడపండి. అది డిస్కంతా వెతికి, ఫైల్ సిస్టమ్‌ల మొదళ్లు పట్టుకుని పాత టేబుల్‌ను మళ్లీ కూర్చుతుంది. రాసే ముందు, దొరికిన భాగంలో ఫైళ్లు కనిపిస్తున్నాయో లేదో చూసుకునే వీలు కూడా ఇస్తుంది. ఎస్ఎస్‌డీ మీద భాగాన్ని ఫార్మాట్ కూడా చేసి ఉంటే ఆశ తక్కువ, ఖాళీ అయిన చోటును అది లోపల్లోపలే శుభ్రం చేసేస్తుంది. ఈ తిప్పలు లేకుండా ఉండాలంటే పని మొదలుపెట్టే ముందు ఎస్‌జీడిస్క్‌తో జీపీటీని ఒక ఫైలుగా దాచుకోండి. టేబుల్ మొత్తం 16 కేబీ, మీకు మీరే మెయిల్ చేసుకోవచ్చు.

(మరో విద్యార్థి: రూట్, హోమ్, స్వాప్, బూట్ అన్నీ విడివిడిగా పెట్టాలా?)

అక్కర్లేదు. అంతర్జాలంలో అయిదేసి భాగాల పట్టికలు చూసి కంగారుపడకండి. ఈఎఫ్ఐ భాగం, దానితో పాటు లినక్స్ వాడే ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ట్‌4తో ఒక భాగం, చాలు. ఉబుంటు 17.04 నుంచి స్వాప్‌ను విడి భాగంగా కాకుండా ఫైలుగానే పెడుతోంది. ఎన్ని గోడలు కడితే, ఒక గదిలో చోటు చాలక పక్క గది ఖాళీగా ఉండే అవకాశం అంత పెరుగుతుంది.

(జిరాక్సు దుకాణం నడిపే ఒకామె: అయ్యా, నా దగ్గర ఉన్నది ఒకే కంప్యూటరు, ఒకే డిస్కు. అందులో గిరాకీల ఫైళ్లున్నాయి. ఏదైనా పోతే రేపు దుకాణం తెరవలేను.)

అయితే ఆ డిస్కును ముట్టుకోవద్దమ్మా. మీది డెస్క్‌టాపే కదా? 256 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటి విడిగా కొనండి. విండోస్ డిస్కు కేబులు పీకేసి, కొత్త డిస్కు ఒక్కటే ఉంచి, దాని మీద లినక్స్ వేయండి. ఇందాక చెప్పిన గ్రబ్ గొడవ కూడా ఉండదు, ఎందుకంటే రాయడానికి అక్కడ వేరే డిస్కే లేదు. అయ్యాక పాత కేబులు మళ్లీ పెట్టేయండి. ఏది కావాలో బూట్ మెనూలో ఎంచుకోవచ్చు, నచ్చకపోతే ఎస్ఎస్‌డీ తీసేయవచ్చు. బోర్డు మీద రెండో సాటా పోర్టు ఖాళీగా ఉందో లేదో, పవర్ సప్లైలో ఇంకో తీగ మిగిలిందో లేదో చూడాలి. క్యాబినెట్ వెంట తెచ్చారు కాబట్టి ఇప్పుడే మూత విప్పి చూద్దాం. స్క్రూడ్రైవర్ ఎవరి దగ్గర ఉంది?